బిల్లు కౌంటరు దాటాకే డాక్టరు



కొంచెం పెద్ద పోస్టు. సిగ్నల్ కోసం గుట్టెక్కి చదివేవాళ్లు ఉన్నారని తెలుసు కాబట్టి ఫొటోలు పెట్టలేదు. సేవ్ చేసుకుని తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

కొన్ని వారాలుగా గ్రూపులో మెడికల్ కాలేజీల పీపీపీ మీద గొడవ నడుస్తోంది. మొదలైంది ఆసుపత్రి దగ్గర, తేలింది పార్టీల దగ్గర. మీవాళ్లు అమ్మేశారని ఒకరు, మీవాళ్లు పునాదులేసి వదిలేశారని ఇంకొకరు. ఆ కొట్లాట మాకొద్దు. ఆసుపత్రి ప్రైవేటు చేతికి వెళ్తే మన మంచం దగ్గరికి వచ్చే డాక్టరు ఏమవుతాడు, మన చేతిలో పెట్టే బిల్లు ఏమవుతుంది, అంతవరకే మాట్లాడదాం అనుకున్నాం. ఎందుకంటే మొన్న వానాకాలంలో మాలో ఒకరి ఇంట్లో అది కళ్లారా చూశాం.

మావయ్యకి యాభై దాటాయి. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ ఎక్కి నీడ కొమ్మలు కొడుతుంటే కాలు జారింది. తొడ ఎముక విరిగింది. ఊళ్లో కుర్రాళ్లు డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. దగ్గర్లో ఉన్న సర్కారు ఆసుపత్రిలో కట్టు కట్టి, సూది వేసి, విశాఖపట్నం రాశారు. అంబులెన్సు రావడానికి టైం పడుతుందంటే ప్రైవేటు బండి మాట్లాడుకున్నాం. ఘాట్ దిగేలోపే డ్రైవరు మాట కలిపాడు. పెద్దాసుపత్రిలో ఇప్పుడు మంచం దొరకదండి, నాకు తెలిసిన హాస్పిటల్ ఉంది, కార్డు కూడా తీసుకుంటారు, రాత్రికే ఆపరేషన్ అయిపోతుంది అన్నాడు. నొప్పితో మనిషి అరుస్తుంటే ఆ మాట దేవుడి మాటలాగే వినబడింది. సరే అన్నాం.

అక్కడికి వెళ్లాక మొదట కలిసింది డాక్టరు కాదు. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు. పీఆర్‌ఓ అట. కార్డు చూశాడు, ఆధార్ చూశాడు. "ఆన్‌లైన్‌లో అప్రూవల్ రావాలి, వచ్చేదాకా క్యాష్‌లోనే నడుస్తుంది, ఇరవై వేలు కట్టండి" అన్నాడు. కట్టాం. అప్రూవల్ మూడో రోజు వచ్చింది. ఆపరేషన్ కార్డు మీదే చేశారు, రాడ్డు వేశారు, బాగానే చేశారు. ఆ మాట దాచడం లేదు, మావయ్య ఇప్పుడు నడుస్తున్నాడు. కానీ ఆ మొదటి మూడు రోజులకి చేతి నుంచి పోయింది 61 వేలు. ఒక రాత్రి ఐసీయూ. రెండు స్కానింగులు. రక్త పరీక్షలు ఒకటే రెండు సార్లు. ఆ ఒక్క రాత్రికి గ్లోవ్స్ ఇరవై రెండు జతలు. డైటీషియన్ చార్జీ అని ఒక లైను. మావయ్య వార్డులో తాగింది అత్త సీసాలో పట్టుకొచ్చిన చోడి అంబలి. ఆ 61 వేల కోసం రాబోయే కాఫీ పంట మీద షావుకారు దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. అంటే ఈసారి కాఫీ రేటు ఆ షావుకారు చెప్పిందే.

అత్యవసరమైతే ఫోను మీదే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే పద్ధతి ఈ పథకంలోనే ఉందని, కార్డు కింద చేర్చుకున్న రోగి దగ్గర పరీక్షలకి డబ్బు తీసుకోకూడదని మాకు తర్వాత తెలిసింది. ఆరోగ్యమిత్ర అనే మనిషి ఆ ఆసుపత్రిలోనే ఉంటారని కూడా తర్వాతే తెలిసింది. చదువుకున్న పిల్లలం నలుగురం పక్కనుండి కూడా తెలుసుకోలేకపోయాం. ఆ సిగ్గు మాకుంది.

అయితే ఈ పోస్టు రాయించింది బిల్లు కాదు. ఆ వార్డులో రాత్రి డ్యూటీ చేసే డాక్టరు. గురుకులంలో మా సీనియర్. మన అన్నే. మొదట గుర్తుపట్టలేదు, పేరు చెప్పగానే పట్టుకున్నాడు. రెండో రాత్రి కింద టీ బండి దగ్గర గంటసేపు మాట్లాడాడు. ఆయన మాటలు గుర్తున్నంత వరకు రాస్తున్నాం, ఎవరో ఏ ఆసుపత్రో అడగొద్దు.

"పొద్దున్నే మీటింగు ఉంటుందిరా. నిన్న ఓపీకి ఎంతమంది వచ్చారు, అందులో ఎంతమందిని చేర్పించారు, స్కానింగులు ఎన్ని రాశారు. అవసరం లేని పరీక్ష రాయండి అని ఎవరూ నోటితో అనరు. నీ లెక్క పక్కాయన లెక్క కన్నా తక్కువ ఉందేంటి అని అడుగుతారు. అంతే. రెండు నెలలు అలా అడిగితే మూడో నెల నీ చెయ్యే రాసేస్తుంది."

మావయ్యకి నిజంగా ఐసీయూ అవసరమా అన్నా అని అడిగాం. కాసేపు ఏం మాట్లాడలేదు. "నేనైతే వార్డులోనే పెట్టేవాడిని. రాసింది నేను కాదు. ఆపింది కూడా నేను కాదు" అన్నాడు.

మాకు ఆ రాత్రి అర్థమైంది ఇది. ఆసుపత్రి ప్రైవేటు అయిందంటే ఫీజు పెరిగిందనే అనుకుంటాం. అసలు మారేది డాక్టరు చెయ్యి. రోగికీ ఆయనకీ మధ్య ఒక లెక్కల పుస్తకం వచ్చి కూర్చుంటుంది. ఆ పుస్తకాన్ని రాసేది ఆయన కాదు, కానీ దాన్ని నింపేది ఆయన పెన్ను.

ఇది ఒక్క అన్న చెప్పిన కథ అనుకోకండి. షేర్ మార్కెట్లో ఉన్న ఆసుపత్రి కంపెనీలు మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పేటప్పుడు ఒక లెక్క చెప్తాయి: నిండిన మంచం ఒక్కోదాని మీద రోజుకి సగటున ఎంత రాబడి వచ్చింది అని. హోటల్ వాళ్లు గదికి ఎంత వచ్చిందని చూసుకున్నట్టే. ఆ అంకె పెరిగితే పెట్టుబడిదారులకి సంతోషం. మంచం మీదున్న మనిషికి ఆ అంకె పెరగడం అంటే ఏంటో మీరే ఆలోచించండి. హైదరాబాదు కేర్ ఆసుపత్రి సంగతే చూడండి. 1997లో డాక్టర్ బి. సోమరాజు, ఇంకొందరు గుండె డాక్టర్లు కలిసి పెట్టింది. అబ్దుల్ కలాంతో కలిసి తక్కువ ఖర్చులో కలాం-రాజు స్టెంటు తయారుచేసింది ఆ సోమరాజు గారే. 2023లో కేర్‌లో పెద్ద వాటా అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ చేతికి వెళ్లింది. అక్కడ డాక్టర్లు చెడ్డవాళ్లని మేము అనడం లేదు, మాకేం తెలుసు. చవక స్టెంటు కోసం తిప్పలు పడ్డ డాక్టర్లు పెట్టిన సంస్థ కూడా ఫండు చేతికి వెళ్తోందంటే గాలి ఎటు వీస్తోందో చెప్పడానికే రాశాం.

గ్లోవ్స్ ఇరవై రెండు జతలు అన్నాం కదా, దానికి కూడా లెక్కలున్నాయి. మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ 2018లో ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తిరగేసింది. మందులు, సిరంజిలు, పరీక్షల మీద కొన్నిచోట్ల 1,737 శాతం దాకా లాభం వేసుకున్నట్టు తేలింది. పది రూపాయల వస్తువు నూట ఎనభై అన్నమాట. బిల్లులో దాదాపు సగం ఈ రకం లైన్లే. మంచం అద్దె, ఆపరేషన్ ఫీజు గురించి మనం ముందే అడుగుతాం, బేరం కూడా ఆడతాం. సిరంజి రేటు ఎవడు అడుగుతాడు? అందుకే డబ్బు అక్కడ దాక్కుంటుంది. అంతకు ముందు 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంటుకి ప్రభుత్వం ధర కట్టింది. మందు పూత ఉన్నదానికి అప్పట్లో 29,600. లక్ష దాటి అమ్మిన వస్తువు అది! అంటే ధర కట్టగలరు, కట్టాలనుకుంటే.

కోవిడ్ కాలం గుర్తుందా? 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. వార్డుకి రోజుకి 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్‌తో అయితే 9,000. జీవో గోడ మీద ఉంది, బిల్లు లక్షల్లో ఉంది. చివరికి రెండు పెద్ద ఆసుపత్రులకి కోవిడ్ వైద్యం చేసే అనుమతే తీసేయాల్సి వచ్చింది. అప్పుడు హైదరాబాదులో కోచింగుల కోసం ఉన్న మనవాళ్లు కొందరు ఆ బిల్లులు చూశారు.

ఇప్పుడు డాక్టర్ల సంగతికి వద్దాం. మన అక్కచెల్లెళ్లకి సంబంధించిన ఒక లెక్క చెప్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం ఆపరేషన్లే. సర్కారు ఆసుపత్రుల్లో 44.5. ఆంధ్రలో ప్రైవేటులో 63, సర్కారులో 26.6. ఒకే నేల, ఒకే తిండి, ఒకే ఆడవాళ్లు. గేటు మారితే కోత రెట్టింపు అవుతోంది. సర్కారులో కూడా తక్కువేం కాదు, అది వేరే గొడవ. ముహూర్తాల పిచ్చి, నొప్పులంటే భయం కూడా కారణమని డాక్టర్లు అంటారు. నిజమే. కానీ మామూలు కాన్పు కోసం డాక్టరు రాత్రంతా కూర్చోవాలి, బిల్లు చిన్నది. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, బిల్లు పెద్దది. ఆ డాక్టరు జీతం బిల్లులో వాటా అయినప్పుడు ఆమె ఎంత మంచి మనిషైనా ప్రతి రాత్రీ ఆ తక్కెడ ముందు నిలబడాల్సిందే.

వాటా అని ఊరికే అనలేదు. కార్పొరేటులో పెద్ద డాక్టరుకి మొదట్లో మినిమం గ్యారంటీ అని కొంత ఇస్తారట. తర్వాత ఆయన తెచ్చిన రాబడిలో శాతం. తేలేకపోతే ఒప్పందం పొడిగించరు. అన్నలాంటి డ్యూటీ డాక్టర్లకి ఆ శాతం కూడా లేదు. రాత్రి డ్యూటీలు, పగలు పీజీ ప్రిపరేషన్. బంధువులు కోపంతో మీద పడితే దెబ్బలు తినేది మాత్రం ఈ చిన్న డాక్టర్లే. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం తప్పని డాక్టర్ల నీతి నియమాల్లో 2002 నుంచీ రాసి ఉంది. మా అంబులెన్సు డ్రైవరు డాక్టరు కాడు కాబట్టి ఆ నియమం ఆయనకి తగలదు కాబోలు.

కార్డు ఉంది కదా, ఇక బాధేంటి అనే మిత్రులకి ఒక మాట. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం కూడా ఉంది. దానివల్ల బతికినవాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు, కాదనం. కానీ సర్కారు డబ్బు ప్రైవేటు బిల్లుకి కట్టడం మొదలుపెట్టాక ఏం జరిగిందో కూడా చూడాలి. కొన్నేళ్లలోనే పల్లెల్లో చిన్న వయసు ఆడవాళ్లకి గర్భసంచి తీసే ఆపరేషన్లు విపరీతంగా పెరిగాయని గోల లేచింది. చివరికి ఆ పథకం కింద ఆ ఆపరేషన్‌ని సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ప్యాకేజీ ఉన్న చోటికి కత్తి వెళ్తుంది. ప్యాకేజీ తీసేస్తే ఆగుతుంది. రోగం మారలేదు, రేటు మారింది.

ఇంకో పక్క, సర్కారు ఆ ప్యాకేజీ డబ్బులు సమయానికి ఇవ్వకపోతే? 2025లో రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆంధ్రలో అక్టోబరులో స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం 2,700 కోట్ల దాకా బకాయి ఉందని చెప్పి కార్డు సేవలు ఆపేసింది. తెలంగాణలో అంతకు కొద్దిరోజుల ముందే ఇదే జరిగింది. వాళ్ల బాధ వాళ్లది, బిల్లు రాకపోతే చిన్న ఆసుపత్రి జీతాలు ఎలా ఇస్తుంది? ఆ మాట కూడా అనాలి. కానీ బకాయి పడ్డప్పుడు మొదట ఖాళీ అయ్యేది కార్డు మంచమే, క్యాష్ మంచం కాదు. అదే ఏడాది సెప్టెంబరులో ఆంధ్ర క్యాబినెట్ ఇంకో మార్పు ఒప్పుకుంది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ చూస్తుంది, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు చూస్తుంది అని. ఇప్పటికే డాక్టరుకీ మనకీ మధ్య ఆసుపత్రి యజమాని ఉన్నాడు. ఇక ఆయన పక్కన బీమా కంపెనీ కూడా కుర్చీ వేసుకుంటుంది. అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది మన కాలు ఎప్పుడూ చూడని మనిషి కంప్యూటరు ముందు కూర్చుని చెప్తాడు.

అసలు మన కొండల్లో మనుషులు దేనికి పోతున్నారు? జ్వరానికి. మలేరియాకి. రక్తం తక్కువై కాన్పులో. సికిల్ సెల్‌కి. వర్షాకాలం విరేచనాలకి. వీటిల్లో పెద్ద బిల్లు ఎక్కడ పుడుతుంది? సికిల్ సెల్ పిల్లాడికి కావాల్సింది ఏళ్లతరబడి హైడ్రాక్సీయూరియా మాత్ర, అప్పుడప్పుడు రక్తం, ఇల్లు తెలిసిన డాక్టరు. కేంద్రం 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పెట్టింది, మంచిదే. కానీ ఆ మాత్ర ప్రతి నెలా చేతిలో పెట్టేది పీహెచ్‌సీ, ఏఎన్‌ఎం, ఆశా అక్క. దోమతెరలో లాభం లేదు. అందుకే ఏ కార్పొరేటు ఆసుపత్రీ ముంచంగిపుట్టుకి రాలేదు, రాదు కూడా. రమ్మని మేము ఏడవడం లేదు. 2025 అక్టోబరులో మన్యం జిల్లాలో గురుకులం ఆడపిల్లలకి పచ్చకామెర్లు వచ్చాయి. పదుల సంఖ్యలో పడిపోయారు, ఇద్దరు చనిపోయారు. వాళ్లని పార్వతీపురం తీసుకెళ్లారు, అక్కడి నుంచి కేజీహెచ్‌కి తీసుకెళ్లారు. అలాంటి వేళ అడ్వాన్సు అడగకుండా తలుపు తీసేది సర్కారు మంచం ఒక్కటే.

ఇక్కడే మెడికల్ కాలేజీల సంగతి మనకి తగులుతుంది. ఆంధ్రలో 17 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అన్నారు. 2023లో అయిదు మొదలయ్యాయి. 2024లో 50 సీట్లతో పాడేరు మొదలైంది. 2025 సెప్టెంబరులో మిగిలినవాటిలో పదింటిని పీపీపీలో ఇవ్వడానికి క్యాబినెట్ ఒప్పుకుంది. ఆ పదిలో పార్వతీపురం ఉంది, నర్సీపట్నం ఉంది. మ్యాపు తీసి చూడండి. చింతపల్లి, కొయ్యూరు, జీకే వీధి నుంచి కొండ దిగితే నర్సీపట్నం. కురుపాం, గుమ్మలక్ష్మీపురం నుంచి దిగితే పార్వతీపురం. మన మావయ్యల్ని మోసుకుని దిగే దారుల చివర ఉన్న ఊళ్లే అవి. మెడికల్ కాలేజీ అంటే సీట్లు మాత్రమే కాదు. దాని వెనక వందల మంచాల ఆసుపత్రి ఉంటుంది. ఎముకల డాక్టరు రాత్రి కూడా ఉంటాడు. అక్కడ ఆ డాక్టరు సర్కారు జీతం మీద ఉంటే, మావయ్యని ఐసీయూలో పెట్టినా వార్డులో పెట్టినా ఆయన జీతం మారదు. ఆ తేడా కోసమే ఈ గోలంతా.

పీపీపీలో కూడా పేదలకి ఉచితమే అంటున్నారు. ఒప్పందంలో రాస్తారు, నిజమే. పక్కనే రాయచూరులో ఒకసారి చూశారు. కర్ణాటక ప్రభుత్వం కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 2002లో ఒక పెద్ద కార్పొరేటు సంస్థకి అప్పగించింది. పేదలకి అందడం లేదన్న విమర్శల మధ్య పదేళ్ల తర్వాత మళ్లీ వెనక్కి తీసుకుంది. పదేళ్లలో వెనక్కి రావడానికి అది పదేళ్ల ముచ్చట కాబట్టి సరిపోయింది. ముప్పై ఏళ్ల పైమాట ఒప్పందాల్లో అయితే మన పిల్లలు కూడా ముసలివాళ్లవుతారు.

మరి పాత ప్రభుత్వం పుణ్యం కట్టుకుందా? లేదు. 2023లో 107, 108 జీవోలు తెచ్చింది వాళ్లే. కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కన్వీనరు సీట్లలో సగం మామూలు ఫీజు 15 వేలకి, మిగతా సగం ఏడాదికి 12 లక్షలకి, ఎన్నారై అయితే 20 లక్షలకి. బోర్డు మీద ప్రభుత్వం, ఫీజు రసీదు మీద ప్రైవేటు. 150 సీట్ల కాలేజీ తీసుకోండి. ఆలిండియా కోటా 15 శాతం పోను 128 దాకా మిగులుతాయి. ఎస్టీ 6 శాతం అంటే ఎనిమిది మంది మనవాళ్లు డాక్టర్లు కావాలి. సగమే మామూలు సీట్లయితే నలుగురు. మిగతా సగంలో రిజర్వేషన్ ఉన్నా లేకున్నా, ఏడాదికి 12 లక్షలు కట్టే ఇల్లు మన గూడేల్లో ఏది? ఈ జీవోలు రద్దు చేస్తామని ఎన్నికల ముందు చెప్పినవాళ్లు తర్వాత ఏకంగా కాలేజీలే ఇచ్చేద్దాం అన్నారు. అందుకే పార్టీ జెండాలు పక్కన పెట్టమంటున్నాం.

ఎంబీబీఎస్‌కి అరవై లక్షలు పెట్టి, పీజీకి మళ్లీ అంత పెట్టి బయటికి వచ్చిన డాక్టరు ఏ ముఖంతో పెదబయలు వస్తాడు? చెడ్డవాడై రాకపోవడం కాదు, బ్యాంకు వాయిదా రానివ్వదు. ఆ అప్పు ఎవరో తీర్చాలి కదా. బిల్లులో మనకి అర్థం కాని లైన్లు కొన్ని అందుకే. 15 వేల ఫీజుతో చదివిన మన అన్న కూడా చివరికి అదే కార్పొరేటు వార్డులో తేలాడు, ఆ ప్రశ్న కూడా వేసుకోవాలి. ఎందుకన్నా అని అడిగాం. "పీహెచ్‌సీలో చేద్దామనే ఉంది. రెగ్యులర్ నోటిఫికేషన్ వస్తే రాస్తా. కొండ మీద చేస్తే పీజీలో కోటా ఉంటుందనే ఆశ ఒకటి ఉండేది, దాన్నీ కోస్తున్నారు" అన్నాడు. 2025 సెప్టెంబరు చివర్లో పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మె చేసింది ఆ ఇన్‌సర్వీస్ పీజీ కోటా కోసమే. గిరిజన ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకి అలవెన్సు కూడా అడిగారు. ఆ సమ్మెని మనలో కొందరు తిట్టారు, పీహెచ్‌సీ మూసేశారని. మేమూ తిట్టాం. ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్లు అడిగింది మనం అడగాల్సిందే.

సర్కారు ఆసుపత్రి గొప్పగా ఉందా అని అడుగుతారు, తెలుసు. లేదు. మంచం కింద పడుకున్నాం, ఎక్స్‌రే మిషను పాడైతే బయట తీయించుకున్నాం, నర్సమ్మ కసురుకుంటే నోరు మూసుకున్నాం, మన మాట యాస చూసి నవ్వినవాళ్లని చూశాం. సర్కారు డాక్టరు సాయంత్రం సొంత క్లినిక్‌లో కూర్చునే చోట్లు లేవని కూడా అనం. అయినా 2017-18 జాతీయ నమూనా సర్వేలో దేశం మొత్తం మీద, కాన్పులు కాకుండా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటు ఖర్చు సర్కారులో 4,452, ప్రైవేటులో 31,845. ఏడు రెట్లు. కసురుకున్న నర్సమ్మ మీద కలెక్టరుకి అర్జీ పెట్టొచ్చు, ఐటీడీఏ ముందు కూర్చోవచ్చు. గ్లోవ్స్ ఇరవై రెండు జతల మీద ఎవరి గేటు ముందు కూర్చుంటాం?

పాడేరు ఆ పది పేర్లలో లేదు. అక్కడ 1/70 ఉంది, 1997 సమత తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. గనుల కోసం కొట్లాడి తెచ్చుకున్న తీర్పు రేపు ఆసుపత్రి మంచానికి కూడా కాపలా కాయాల్సి రావచ్చు. లా చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ తీర్పు ఒకసారి చదివి, అర్థమయ్యేలా గ్రూపులో పెట్టండి.

ఈలోపు ఎవరైనా ప్రైవేటు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మేము చేసిన తప్పు చేయకండి. డబ్బు కట్టే ముందే ఆరోగ్యమిత్ర ఎక్కడ అని అడగండి, లేకపోతే 104కి ఫోను చేయండి. లైను లైనుగా రాసిన బిల్లు అడగండి, మొత్తం ఒక్క అంకె రాసిన చీటీ తీసుకోవద్దు. కేసు షీటు, రిపోర్టుల కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని నియమం ఉంది. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. బిల్లు కట్టలేదని మనిషిని గానీ శవాన్ని గానీ ఆపే హక్కు ఆసుపత్రికి లేదు. రోగుల హక్కుల పత్రంలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ మాట స్పష్టంగా రాసింది. గొంతు పెంచకుండా, వీడియో తీయకుండా, కాగితం మీద రాసిచ్చి అడగండి. ఎదురుగా ఉన్న డ్యూటీ డాక్టరు మీద అరవొద్దు. ఆయన మన అన్నే కావచ్చు.

మావయ్య బిల్లు మా దగ్గరుంది, నాలుగు పేజీలు. మీ ఇళ్లల్లో ఇనప్పెట్టెలోనో, చూరులోనో ఇలాంటివి ఉండే ఉంటాయి. పేరు, ఫోను నంబరు, ఆసుపత్రి పేరు చెరిపేసి ఫొటో తీసి గ్రూపు అడ్మిన్లకి పంపండి. కార్డు ఉండి కూడా చేత్తో ఎంత కట్టారో, ఏం అమ్మి కట్టారో రెండు ముక్కలు రాయండి. నెలాఖరుకి ఎన్ని వస్తే అన్నీ కలిపి ఐటీడీఏ పీవో గారికి ఇవ్వాలని, ఒక కాపీ ఆరోగ్య శాఖకి పంపాలని అనుకున్నాం. పార్వతీపురం, నర్సీపట్నం వైపు తమ్ముళ్లు ముందు పంపితే మంచిది. అన్న కూడా పంపుతా అన్నాడు, బిల్లు కాదు, పొద్దున మీటింగులో అడిగే ప్రశ్నల లిస్టు.